చెర్నీకా పాలు ఎటు పోతున్నాయి

గ్లఫీరా బతుకులో సగానికి పైగా ఎల్క్ పొదుగు కిందే గడిచిపోయింది. గుర్రం కన్నా ఎత్తుండే ఆ దుప్పిని కట్టేసి పెంచడం కొస్త్రొమా అడవుల్లో ఎవరి వల్లా కాలేదు. అందుకే గ్లఫీరా పనిచేసే ఎల్క్‌పాల ఫారంలో ఒక ఉపాయం నడుస్తుంది. ఎల్క్ ఈనగానే దూడను తప్పించి సీసాపాలకు అలవాటు చేస్తారు. పితికే మనిషి ఉమ్మనీటిలో తడిపిన గుడ్డ నడుముకు చుట్టుకుని తల్లి ముందు నిలబడుతుంది. తల్లి ఆమెను నాకి నాకి, తన బిడ్డేనని ఖాయం చేసుకుంటుంది. ఇక అడవిలో ఎంత దూరం మేసినా, పాలివ్వడానికి పూటపూటకూ తనంతట తనే వస్తుంది.

అలా గ్లఫీరా చాలా ఎల్క్‌లకు బిడ్డయింది. వాటిలో ఇప్పుడు చెర్నీకా ఒక్కతే మిగిలింది. కన్నతల్లి పోయాక తనను బిడ్డ అనుకునే ప్రాణం ఈ లోకంలో అదొక్కటేనని గ్లఫీరా లోలోపల అనుకునేది. పైకి అంటే నవ్వుతారని ఊరుకునేది.

ఆ ఏడు చెర్నీకా దొడ్డికి ఆలస్యంగా వచ్చి, వస్తూనే ఈనింది. జూన్ వచ్చేసరికి పాలు సగానికి పడిపోయాయి. మొదట పాలు వదలకుండా ఎగచేపుతోందనుకుంది గ్లఫీరా. పొదుగు తడిమి చూస్తే మెత్తగా వేలాడుతోంది. అంటే, పాలు అప్పటికే ఎవరికో ఇచ్చేసి వస్తోంది. బిడ్డ అనుకుంటే తప్ప చెర్నీకా ఎవరికీ పాలివ్వదు; అంటే తనలాగే ఇంకెవరో దానికి బిడ్డయ్యారు. గ్లఫీరా గుండె కలుక్కుమంది.

అనుమానం పక్కింటి పఖోమ్ మీదికి పోయింది. ఒకప్పుడు అడవి కాపలా చేసిన ముసలాయన. ఇంట్లో ఆవు లేదు, మేక లేదు. కంచె మీద మాత్రం కడిగిన బకెట్ ఆరుతోంది.

"ఏం పఖోమ్, పాడి లేని ఇంట్లో బకెట్‌కేం పని?"

"టీ ఆకు కోసుకోడానికిలే గ్లఫీరా."

ఆ ఊళ్లో టీ కాచుకునేది అడవిలో పెరిగే గులాబిరంగు పూలమొక్క ఆకుతో; ఆ ఆకంటే ఎల్క్‌లు పడిచస్తాయి. ఆ సంగతి అతనికి తెలియకనా!

"రోజూ కోస్తున్నావ్. ఊరందరికీ కాస్తావా ఏంటి టీ?"

"నన్నే దొంగంటావా? నేను చెయ్యేస్తే నీ చెర్నీకా నా పళ్లు రాలగొట్టదూ?"

"రాలడానికి నీకు మిగిలినవెన్నిలే!"

పఖోమ్ నవ్వలేదు. చూపు తిప్పుకున్నాడు. కట్టెలు కొట్టిచ్చి, చలికాలమంతా తన పొయ్యి ఆరకుండా చూసిన మనిషి ఇలా ముఖం చాటేస్తుంటే ఆమె అనుమానం రాయిలా గట్టిపడింది.

మర్నాడు పొద్దుటి పాలయ్యాక, చెర్నీకా మెడలోని గంట చప్పుడు పట్టుకుని వెనకాలే వెళ్లింది. దోమలు ముఖాన్ని వదల్లేదు. చెర్నీకా వాగులో దిగి, తల ముంచి నాచు మేసి, అవతలి ఒడ్డున చెట్లలోకి పోయింది. గంట చప్పుడు ఆగింది. ఓ చెట్టు చాటున పఖోమ్ కూర్చుని ఉన్నాడు, పక్కన బకెట్‌తో.

"దొరికావురా దొంగ ముసలోడా!"

"ష్... గట్టిగా అరవకు తల్లీ. అటు చూడు."

బకెట్‌లో ఆకే ఉంది. అవతల పొదలో చెర్నీకా పొదుగు కింద, ఒంటి మీద ఒక్క చుక్కైనా లేని ఎర్రటి దూడ, కుదుపుతూ కుదుపుతూ తాగుతోంది. కవల! దొడ్డికి రాకముందే దీన్ని ఈని, ఇక్కడ దాచి వచ్చిందన్నమాట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే దీన్నీ సీసా మీదికి లాక్కుపోతారుగా. ఎలుగుబంటి రాకుండా చూస్తున్నా, అంతే."

చెర్నీకా వెళ్లాక గ్లఫీరా పొద దగ్గరికెళ్లింది. దూడ కదలకుండా నేలకు కరుచుకుపోయింది. ఆమె చెయ్యి దాని వీపు దాకా వెళ్లి, తాకకుండానే వెనక్కి వచ్చేసింది.

"పాలెందుకు తగ్గాయి?" అని సాయంత్రం ఫారం మేనేజరు నిలదీశాడు.

"వయసు మీద పడుతోంది, అయ్యా."

"దానికా, నీకా?"

"ఇద్దరికీ."

అతను నమ్మలేదని చూపులోనే తెలుస్తోంది. ఆమె తల దించుకుని పొదుగు దగ్గరికి నడిచింది.

చెర్నీకా వెంటనే పాలు చేపలేదు. చెవులు ముందుకు నిక్కబొడిచి గ్లఫీరా అరచేతులు, మోకాళ్లు, బూట్లు ఒక్కొక్కటే వాసన చూసింది. దాని బిడ్డ జోలికి వెళ్లిందేమోనని సోదా చేస్తున్నట్టే ఉంది.

చాలాసేపటికి గరుకు నాలుక ఆమె మోచేతిని తాకింది.

ఆమె కూర్చుని పితికింది. పొదుగులో సగం పాలు ఉండగానే లేచి, దొడ్డి తలుపు తీసింది.