సత్తిబాబు గారి కారణాల పుస్తకం

ఇవాళ పొద్దున మా లైన్‌మన్ ఒకాయన కోసి తెచ్చిన కేబుల్ ముక్కను నా బల్ల మీద పెట్టి, "చూడండి మేడమ్, లోపలంతా పచ్చబడిపోయింది" అన్నాడు. నల్లటి తొడుగు చీల్చి చూస్తే రాగి తీగ నిండా చిలుము. చాన్నాళ్ళుగా చింతపండు ముఖం చూడని రాగిచెంబు వాసన వచ్చింది దాన్నుంచి. మల్లెపూల వాసనకో, అగరొత్తుల వాసనకో గుర్తొచ్చే మనుషులు అందరికీ ఉంటారు. నాకు చిలుము వాసనకి గుర్తొచ్చే మనిషి ఒకరున్నారు. ఆయన సత్తిబాబు గారు. కొత్తపేట చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ కేబుల్ లైను చూసిన మనిషి. ఇవాళ ఆ లైనుకి జవాబు చెప్పే కుర్చీలో నేను కూర్చున్నానంటే ఆయన వల్లే కాబట్టి, ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన సంగతి చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటాను.

ఆయన్ని మొదటిసారి చూసిన వేసవికి నాకు ఇరవై ఆరేళ్ళు. బి.ఎడ్. చదివి, ఒక ప్రైవేటు బడిలో రెండేళ్ళు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుతో గొడవపడి మానేశాను. గొడవపడటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. తరవాత హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు, ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో పిల్లలకు లెక్కలు చెప్పే పని ఇచ్చారు. మూడు నెలలు చూసి నచ్చితే ఖాయం చేస్తామన్నారు. మా నాన్నగారికి అది ఉద్యోగంలా కనిపించలేదు. "వీధి గుమ్మం దాటకుండా చేసేదాన్ని ఉద్యోగవంటారేవిటే?" అనేవారు. అందుకే ఆ ఉద్యోగం నిలబెట్టుకోవాలని నాకు మరీ పంతం. అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

రెండు నెలలు బాగా గడిచాయి. కాలవలు కట్టేసి ఎండలు ముదిరిన రోజుల్లో మోడెం పేచీ మొదలుపెట్టింది. భిన్నాల కూడిక సగంలో ఉండగా దాని మీది దీపం మిణుకుమిణుకుమనేది, తెర మీద నా ముఖం నోరు తెరిచి బిగుసుకుపోయేది. పిల్లలకు సరదాగానే ఉండేది గానీ కంపెనీకి ఉండదుగా. వాళ్ళ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లోపం ఎక్కడుందో కేబుల్ ఆఫీసు చేత రాయించి పది రోజుల్లో పంపాలి. వీధి లైనులో ఉంటే కొంత గడువిస్తారు. మా ఇంటి వైర్లలోనే ఉంటే, ఇల్లు ఈ పనికి పనికిరాదని లెక్క, ఉద్యోగం అంతటితో సరి.

నాకు లోపం ఎక్కడుందో ముందే తెలుసనుకున్నాను. మా ఎదురిల్లు సోమయాజులు గారిది. తరాలుగా వేదం చెప్పుకునే ఇల్లు. పెద్దాయన ఆ మధ్యే దూరాన ఉన్న శిష్యులకు నెట్టులో పాఠం మొదలుపెట్టి, మేడ మీది గదికి కొత్త వైరు లాగించారు. సరిగ్గా ఆ వారమే నా మోడెం పడిపోవడం మొదలైంది. ఇంకేం కావాలి నాకు? వీధిలో నిలబడి, నలుగురూ వినేలా, "మీరు మేడ మీదకి వైరు లాగిన దగ్గర్నుంచే మా నెట్టు పోతోందండీ!" అని అరిచాను. ఆయన పైకండువా సర్దుకుంటూ అరుగు మీదకి వచ్చి, "మాకూ పోతోందమ్మా. పాఠం ఆగిన చోట పన్నం మళ్ళీ ఎత్తుకుంటున్నాం" అన్నారు. ఆయన నెమ్మదితనం నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

సత్తిబాబు గారు ఆ మర్నాడు మోపెడ్ మీద వచ్చారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, ఎండకి నల్లబడి ఉన్నారు. భుజాన నిచ్చెన, చొక్కా జేబులో పెన్ను, చంకలో పాలిథిన్ కవరు చుట్టిన పిల్లల నోటు పుస్తకం ఒకటి. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఎప్పుడెప్పుడు పోతందండీ?"

"ఎప్పుడూ పోతుందండి!"

"ఎప్పుడూ అంటే నాకు దారి దొరకదండి. టైములు చెప్పండి."

టైములు ఎవరు చూశారు? ఆ మాట అంటుండగానే దీపం మిణుకుమంది. నేను అలవాటు కొద్దీ స్విచ్ ఆపబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగండాగండి. ఆపి వేస్తే అది పడ్డ బాధంతా మర్చిపోద్దండి. జొరం చూడ్డానికొచ్చినోడు ముందు తానం చేయించినట్టుంటది." తరవాత నా కంప్యూటర్లోనే మోడెం లోపలి అంకెలు తెరిపించి, కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, చాలాసేపు చదివారు.

"మీకొచ్చేది బానే ఉందండి. మీ దగ్గర్నించి ఎల్లేదే చెడిపోతంది."

"రెండూ ఒకటే వైరు కదండీ?"

"వైరు ఒకటేనండి. మరి మీ చేలకి పంట కాలవ నీరు లాకుల దగ్గర వదిలితే ఎవరి బోదె కాలవలోకి వాళ్ళకి విడిపోద్ది కదా? మురుగు కాలవ అలాక్కాదు, అందరి చేలదీ వచ్చి ఒక్కదాంట్లోనే కలుస్తది. టీవీ బొమ్మ పంట కాలవండి. మీరు హైదరాబాదుకి పంపే మాట మురుగు కాలవండి. ఈ లైను మీద ఏ ఇంట్లో చెత్త పడ్డా అందరి మాటా చెడుద్ది."

"నా పాఠాలు మురుగంటారా?" అన్నాను.

"ఆయ్, దారి మట్టుకేనండి" అని ఆయన మొదటిసారి నవ్వారు.

నెట్టు పోయిన ప్రతిసారీ టైము రాయమన్నారు. అంతటితో వదల్లేదు. ఆ సమయానికి కరెంటుందా, ఇంట్లో ఎవరేం చేస్తున్నారు, వీధిలో ఏం జరుగుతోంది, అవన్నీ రాయాలి. "మా అమ్మ మినపప్పు రుబ్బడం కూడా రాయాలా?" అని వెటకారంగా అడిగితే, "రాయండి. గ్రైండరు కూడా తక్కువది కాదండి" అన్నారు. మూడు రోజులు రాశాను. నాలుగో రోజు ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, నా కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్క గీతే చదివారు. నెట్టు పోయిన ప్రతి చోటా నేనే, నా చేత్తోనే, పట్టించుకోకుండా ఒక మాట రాసి ఉన్నాను. నాన్న తోటకి నీళ్ళు పెడుతున్నారు. కాలవలు కట్టేశారు కదా, కొబ్బరి తోట ఎండిపోకుండా మా నాన్నగారు పాక పక్కన కొత్త మోటారు బిగించారు. ఆ నీళ్ళకీ నా లెక్కల పాఠానికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు.

"మోటారు చెత్త ఎగజిమ్ముతందండి. కానీ అది లైన్లోకి దూరాలంటే ఎక్కడో ఓ కన్నం ఉండాలి. ఆ కన్నం ఎవరింట్లో ఉందో చూద్దాం" అని లేచారు. మా వీధి స్తంభం మీది పెట్టె నుంచి ఎనిమిది ఇళ్ళకు వైర్లు వెళ్తాయి. ఒక్కొక్కటే పీకి, చేతిలోని మీటరు శాంతించేది ఏ వైరు పీకితేనో చూడాలి. అర నిమిషం పని. ఆయన మాత్రం నిచ్చెన వేసే ముందు ఎనిమిది గుమ్మాలూ ఎక్కి, ఫలానా పని మీద మీ టీవీ కాసేపు ఆపుతున్నానండీ అని చెప్పి వచ్చారు. ఒకావిడ "మాకు బానే ఉందండీ, మమ్మల్నెందుకు కదపడం?" అంది. "బాగున్నోళ్ళ తలుపే ముందు కొట్టాలండి. బాగోలేనోళ్ళు ఎలాగూ ఫోను చేస్తారు" అన్నారాయన. నేను స్తంభం కింద కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

నాన్న మోటారు వేశారు. మీటరు గోల పెట్టింది. సత్తిబాబు గారు సోమయాజులు గారి వైరు పీకారు. గోల తగ్గలేదు. పక్క ఇల్లు, ఆ పక్క ఇల్లు, తగ్గలేదు. చివరికి మా వైరు పీకారు. మీటరు టక్కున ఊరుకుంది. వీధిలో ఎవరెవరు చూస్తున్నారా అని నేను చుట్టూ చూశాను. సోమయాజులు గారు అరుగు మీదే ఉన్నారు, కానీ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

సత్తిబాబు గారు మా గోడ పట్టుకుని పెరట్లోకి నడిచారు. ఎప్పటిదో ఒక పాత నల్ల వైరు మా లైనులోంచి చీలి, కొబ్బరి పాకలోకి వెళ్తోంది. పాక వాసానికి ఒక ముడి ఉంది, దాని మీది టేపు ఊడి వేలాడుతోంది, లోపలి రాగి చిలుము పట్టి వాసన కొడుతోంది. అక్కణ్ణుంచి వైరు కొస మొండిగా దిగి, మోటారు తీగని ఆనుకుని ఉంది. సత్తిబాబు గారు పీట ఎక్కి ఆ ముడిని ముట్టుకోకుండా చాలాసేపు చూశారు.

"ఇది నేనేసిందేనండి."

"మీకెలా తెలుసండీ? ఎన్నేళ్ళ నాటిదో."

"నాది ఎడం చెయ్యండి. అందరి ముళ్ళూ ఇటు తిరిగితే నాది అటు తిరుగుద్ది. పాకలో కాయలొలిచేవాళ్ళు క్రికెట్ చూస్తారు, ఓ టీవీ పెట్టమన్నారు మీ నాన్నగారు. ఆ రోజు నా దగ్గర బిగించే సామాను లేదు. తీగకి తీగ మెలేసి టేపు చుట్టేను. రేపొచ్చి సరిగ్గా చేస్తానన్నాను. టీవీ బొమ్మ బ్రహ్మాండంగా వచ్చేసింది, ఇంక నేను రాలేదు." తీగని కత్తిరించి కిందికి దిగారు. మా వైపు కొసను సరిగ్గా మూసేశారు. ఆ మధ్యాహ్నమంతా మోటారు నడిచింది, దీపం కదల్లేదు.

అప్పుడు ఆయన కవరు విప్పి పుస్తకం తీశారు. ప్రతి లోపానికీ ఒక పేజీ. ఎక్కడ, ఏమిటి, ఎందువల్ల. అందులోంచే నకలు రాసి సంతకం పెట్టి కంపెనీకి ఇవ్వాలి. నేను ఆయన పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి అడిగాను. "బాబాయిగారండీ, స్తంభం దగ్గర అని రాయండి. మీ ముడి సంగతి ఎవరికీ తెలియదు. నా ఉద్యోగం నిలబడుతుంది. నిలబడాలండి, నాకు ఇది కావాలి."

ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు. "స్తంభం అని రాస్తే, రేపు ఈ లైనెక్కినోడు స్తంభం కాడే ఎతుకుతాడండి అమ్మాయిగారూ. నేను రాసిందే కదా ఆడికి దారి" అన్నారు. తరవాత గుండ్రటి అక్షరాలతో రాశారు. లోపం ఇంటి ఆవరణలో, కొబ్బరి పాకలో. పాత ముడి. వేసింది నేనే. తీసేశాను. ఇప్పుడు లైను శుభ్రంగా ఉంది. కింద పెద్ద సంతకం.

ఆ కాగితాన్ని పంపకుండా దాచేయాలని ఒక పూటంతా అనుకున్నాను. చివరికి పంపాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇంటి వైర్లే కారణం కాబట్టి కొనసాగించలేమన్నారు. నేను గది తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ సాయంత్రం కరెంటున్నా మా నాన్నగారు మోటారు వెయ్యలేదు. "ఆ పాక కాడ టీవీ పెట్టమన్నది నేనేనే" అని మాత్రం తలుపు అవతలి నుంచి అన్నారు. నా కోపం నాన్న మీద లేదు, సత్తిబాబు గారి మీద. రోడ్డు మీద ఆయన మోపెడ్ ఎదురైతే ముఖం తిప్పుకునేదాన్ని. అలా రెండు వారాలు.

ఒకనాడు మధ్యాహ్నం ఆయనే వచ్చారు. నిచ్చెన లేదు, పుస్తకం లేదు, ఉతికిన చొక్కా వేసుకున్నారు. అమ్మ మజ్జిగ ఇస్తే గ్లాసు పక్కన పెట్టి, నేను గుమ్మంలోకి వచ్చే దాకా ఊరుకున్నారు.

"మీ ఉద్యోగం పోయిందని చెప్పేరండి నాన్నగారు. నిజం రాసినందుకు నేను క్షమించమని అడగనండి. అది మళ్ళీ అయినా అలాగే రాస్తాను. ముడేసి వదిలేసినందుకు అడుగుతున్నాను. అది నా వల్లే అయింది."

ఆ రెండు వారాలూ ఆయన్ని దేనికి తిట్టుకున్నానో దానికి ఆయన క్షమాపణ అడగలేదు, దేనికి తిట్టాలో అది తెచ్చి నా చేతిలో పెట్టారు. మజ్జిగ తాగండి బాబాయిగారండీ అన్నాను. తాగారు. వెళ్తూ, "మీరు రాసిన ఆ మూడు రోజుల కాగితం మా ఆఫీసులో చూపించేనండి. అలా రాసేవాళ్ళు మాకు లేరు. ఫిర్యాదులు చూసుకునే కుర్చీ కాళీగా ఉంది, మీకు ఇష్టమైతేనే" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ముందు నేను ఎదురింటి అరుగు ఎక్కాను. "అనుమానపడ్డందుకు అడగనండి మాస్టారూ, అది ఎవరికైనా వస్తుంది. వీధిలో నిలబడి అరిచినందుకు క్షమించండి. లోపం మా పాకలో ఉంది" అన్నాను. సోమయాజులు గారు నన్ను చూసి, "ఆ అరుపుకి మా శిష్యుడొకడు స్వరం తప్పాడు. వాడికి నేను సర్ది చెప్పుకున్నాలే. లోపలికి రా అమ్మా" అన్నారు.

సత్తిబాబు గారితో ఎనిమిదేళ్ళు, కుర్చీలోనూ నిచ్చెన మీదా, పని చేశాను. ఆయన పోయాక వాళ్ళమ్మాయి ఆలమూరు నుంచి వచ్చి ఆ పుస్తకాలన్నీ మా ఆఫీసుకి ఇచ్చి వెళ్ళింది. ఇప్పుడు ఆ వరసలో కొత్త పుస్తకాలు నేను రాస్తున్నాను. నా చేతి రాతలో మొదటి పేజీ ఒక రిటైర్డు టీచరమ్మ ఇంటిది. మోడెం పోయిందని చెప్పి ఆవిడ చేత కొత్తది పెట్టించాను. నెల తిరక్కుండా తెలిసింది, మోడెం బాగానే ఉంది, నేను బిగించిన కొసే వదులు. ఆ సంగతి ఆవిడకి చెప్పక్కర్లేదని మా ఆఫీసులో అందరూ అన్నారు. వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను మెచ్చుకోలేదు సరికదా, అరగంట నిలబెట్టి తిట్టింది. తిట్టించుకుని, కొస మళ్ళీ బిగించి, ఆవిడ గుమ్మంలోనే కూర్చుని పుస్తకంలో రాశాను. కారణం: నా చెయ్యి.