అత్త చెవి, నా స్టార్టరు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. రెండోసారి, నాకు అర్థం కాదన్న సంగతి అర్థమైంది. పరీక్షలో చిట్టీతో దొరికినప్పుడు సారు ఆ కాగితం విప్పి చూసి, "చిట్టీల గూడ తప్పే రాసుకొచ్చినవు గదరా" అని తల పట్టుకున్నారు. ఆయన్ను మళ్లీ అంత బాధపెట్టడం ఇష్టంలేక బడి మానేసి బోరు మోటార్ల మెకానిక్కునయ్యాను. నా చిట్టీల చరిత్ర అక్కడితో ముగిసిందనే అనుకున్నాను. ఇంకొక్కటి మిగిలి ఉందని, అది మా మేనత్త దగ్గర బయటపడుతుందని అప్పుడు తెలియదు.

నిన్న గుండ్లపోచంపల్లిలో ఒక గోదాము బోరుకు కొత్త స్టార్టరు బిగించి మీట నొక్కితే టక్కుమంది. అంతే, గోదాము పోయింది, ఇంకెంతసేపని నా నెత్తిమీద నిలబడ్డ మేనేజరు పోయాడు, శామీర్‌పేటలో అత్త ఇంటి మేడ మీది గది కళ్ల ముందుకొచ్చింది.

అత్త అంటే మా నాయిన చెల్లెలు. టెలిగ్రాములున్న కాలంలో తార్ ఆఫీసులో పనిచేసింది. పొట్టి చప్పుడొకటి, పొడుగు చప్పుడొకటి, అంటే చుక్కా గీతా. ఈ రెంటితోనే ఊళ్లకు ఊళ్ల పెళ్లి కబుర్లూ చావు కబుర్లూ చేరవేసిన మనిషి. టెలిగ్రాములు ఆగిపోయాయి కానీ ఆమె వేళ్లు ఆగలేదు. లైసెన్సు పరీక్ష రాసి, ఇంట్లోనే రేడియో పెట్టుకుని, లోకంలో తనలాంటి పిచ్చివాళ్లతో చుక్కల్లో గీతల్లో మాట్లాడేది. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం సాగుతుంటే బైబిలు అట్ట మీద ఆమె చూపుడువేలు మెల్లగా ఆడుతూ ఉండేది. అందరూ భక్తి అనుకునేవారు. ప్రసంగాన్ని ఎప్పటికప్పుడు చుక్కలు చేస్తోందని నాకొక్కడికే తెలుసు. "మంచిగ చెప్తడు గానీ మస్తు మెల్లగ చెప్తడురా. నేను ముందుగాల పోయి ఆయన కోసం ఆగాల్సొస్తది" అనేది.

మేడ మీద ఇనుప పైపు నిలబెట్టి, అక్కడినుంచి వెనక కొబ్బరిచెట్టుకు రేడియో తీగ కట్టింది నేనే. ఆ తీగ మీద పక్కింటావిడ ఒకరోజు తడి చీర ఆరేసింది. అత్త కిందికి దిగివచ్చి, "ఏందమ్మా, జపానోళ్లు పొద్దటిసంది పలుకుతలేరేందని చూస్తే నీ చీర!" అంది. ఆమె భయపడి చీర లాగేసుకుంటూ, "గిప్పుడు పలుకుతరా వదినా? నేను సారీ చెప్పిన్నని చెప్పు" అంది. అత్త నిజంగానే చెప్పింది. అటునుంచి పర్వాలేదని జవాబు కూడా వచ్చింది. ఆ ఇంటి బోరు మోటరుకు స్టార్టరు కూడా నేను పెట్టిందే. ట్యాంకులో నీళ్లు తగ్గితే తనంతట తాను మోటరు వేసే రకం. వేసిన ప్రతిసారీ నిప్పురవ్వ ఎగిరి రేడియోలో టక్కుమనేది. "జర చూడరా దాన్ని" అని అత్త, "రేపొచ్చి చూస్త" అని నేను. అట్లా చాలా రేపులు గడిచాయి.

ఏడాదికోసారి వాళ్లకొక పోటీ ఉంటుంది. శనివారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రం ఐదున్నరకు ముగుస్తుంది. ఒక్కొక్కరికీ బండి నంబరులాంటి పేరు ఒకటి ఉంటుంది, అక్షరాలూ అంకెలూ కలిపి. ఎవరు పిలిచినా ఆ పేరు విని రాసుకోవాలి, వరుస నంబరు ఇచ్చి పుచ్చుకోవాలి, వెంటనే ఇంకొకరిని పట్టుకోవాలి. చివర్లో అందరూ తాము రాసుకున్న పేర్ల పట్టీలు పంపితే, నిర్వాహకులు ఇటువాళ్లదీ అటువాళ్లదీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా తప్పే.

నేను చెప్పే ఏడాదికి అత్త కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది కూడా దిగిపోతోందని డాక్టరు చెప్పాడు. "గెలుసుడు గాదురా నాకు," అంది అత్త, "ఒక్క తప్పు లేని పట్టీ ఒక్కసారన్న పంపాలె. ఇన్నేండ్లల్ల ఒక్కపారి గూడ కాలె. ఈ చెవి ఉన్నప్పుడే కావాలె." ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అట్లా అనేసరికి, ఈసారి ఎట్లాగైనా నేనే చూసుకోవాలనుకున్నాను.

చుక్కలను విని తనే అక్షరాలుగా రాసిపెట్టే సాఫ్ట్‌వేరు ఇప్పుడు లాప్‌టాప్‌లో దొరుకుతుంది. ఒకేసారి పదిమందిని వింటుంది, వినిపించిన పేరును తనకు తెలిసిన పేర్ల జాబితాలో వెతుక్కుని మరీ రాస్తుంది. అత్త చేరిన విభాగంలో దాని సాయం తీసుకోకూడదు. తీసుకోవచ్చన్నా ఆమె తీసుకునేది కాదు. అందుకే నేను ఆమెకు చెప్పకుండా రేడియోనుంచి కింది గదికి ఒక తీగ లాగి, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తీగలు లాగడంలో నాకు డిగ్రీ ఉంది.

ఆదివారం చర్చినుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా రేడియో ముందు కూర్చుంది అత్త. మధ్యమధ్య టీ తీసుకుని పైకి వెళ్లి చూసేవాణ్ని. కళ్లు మూసుకుని, ఎడమచెవిని హెడ్‌ఫోనుకు అదిమిపెట్టి, ముగ్గురు నలుగురు ఒకేసారి మీదపడి పిలుస్తుంటే, సంతలో తన బిడ్డ గొంతు పట్టుకున్న తల్లిలా ఒక్కణ్ని ఏరి పేరు తన కంప్యూటరు పట్టీలో టైపు చేసేది. అదే సమయానికి కింద నా మిషన్ మీద అర్థంపర్థంలేని అక్షరాలు పురుగుల్లా పాకుతుండేవి. ఒక్కరే తాపీగా పిలిస్తే మాత్రం మిషనూ తడుముకోకుండా రాసేది.

నాలుగు గంటలకు అత్త మొహం కడుక్కోవడానికి లేచింది. ఆమె పట్టీని, మిషన్ రాసినవి దింపుకున్న నా చిట్టీతో పోల్చి చూశాను. మిషన్ శుభ్రంగా రాసిన వాటిలో ఒక్కచోటే తేడా ఉంది. ఎక్కడో చలిదేశపు మనిషి పేరు చివర అత్త ఎస్ అని రాసింది, అంటే మూడు చుక్కలు. మిషన్ హెచ్ అంది, అంటే నాలుగు. దాని జాబితాలో రెండు పేర్లూ ఉన్నాయి. చెవి మోసం చేసిందనుకున్నాను. పాపం ఆమెకు తెలియనే తెలియదనుకున్నాను. ఎస్ తీసి హెచ్ పెట్టి, పిల్లిలా కిందికొచ్చేశాను.

ఐదున్నరకు పోటీ ముగిసింది. పంపేముందు అత్త పట్టీ మొత్తం చదువుకుంది. రెండు వందలకు పైగా పేర్లు. ఒక్కొక్క పేరునూ వేలితో బల్ల మీద కొట్టుకుంటూ పోతోంది. ఒకచోట వేలు ఆగింది.

"ఇది నేను రాయలె."

"వేలు జారిందేమో అత్తా."

"నా వేలు జారదు. గాయన మూడు చుక్కలు కొట్టిండు. ఎవరు ముట్టిన్రురా దీన్ని?"

నా చెమటే చెప్పేసింది. లాప్‌టాప్, తీగ, చిట్టీ అన్నీ ఒప్పుకున్నాను. "మిషన్ నాలుగంటాంది అత్తా. రికార్డింగు గూడ ఉన్నది, కావాలంటే ఒక్కపారి ఇను."

"ఇంక వేరేయి ఏమన్న ముట్టినవా?"

"లేదు, ఒట్టు."

హెచ్ తీసి మళ్లీ ఎస్ పెట్టింది. రికార్డింగు వినమంటే వినకుండా పట్టీ పంపేసింది. చేయి దాటిపోయాక కుర్చీలో వెనక్కి వాలి, "ఇగ పెట్టు నీ మిషన్ను" అంది.

పెట్టాను. లెక్కబెట్టాను. నాలుగే. "నాలుగే గదా అత్తా!" నాకు ఏడుపొక్కటే తక్కువ.

"మల్ల పెట్టు. ఆఖరుది మంచిగ ఇను. మూడు చుక్కలకు కూత ఉన్నది. నాలుగోదానికి కూత లేదు, ఒట్టి టక్కు. అది గాయన కొట్టలె, నీ స్టార్టరు కొట్టింది. అటెంకనే ట్యాంకుల నీళ్లు పడ్డయి."

మళ్లీ విన్నాను. ఐదోసారికి నాకూ వినబడింది. మూడు సన్నటి కూతలు, వాటి వెనక కొలిచినట్టు సరిగ్గా అదే ఎడంలో, మా బోరు మోటరు టక్కు. నేను బిగించిన స్టార్టరు. పదేళ్లుగా చేత్తో పట్టుకుని బతుకుతున్న ఆ చప్పుడును నేను గుర్తుపట్టలేదు, లోకంలో పేర్లన్నీ కడుపులో పెట్టుకున్న మిషన్ గుర్తుపట్టలేదు. సగం పోయిన ఒక్క చెవితో, సముద్రాల అవతలి మనిషి వేలినీ ఇంటి వెనక నిప్పురవ్వనీ విడదీసింది మా అత్త. నేను ఆరోసారి పెట్టుకుని విన్నాను. ఆమె మాత్రం చల్లారిన టీ తాగుతోంది.

కొన్ని నెలలకు ఫలితాలొచ్చాయి. ఎన్నో స్థానమో ఆమె చూసుకోనేలేదు. తప్పులన్న గడిలో సున్నా ఉంది. దాన్ని చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

అప్పటికి ఎడమచెవి కూడా బాగా దిగింది. జిలేబీ పొట్లం చేతికిచ్చి, దగ్గరికి వంగి, గట్టిగా రెండుసార్లు అడిగాను. "అత్తా, మిషన్ నీ అంతటిది కావాలంటే ఎన్నేండ్లు పడ్తదంటవ్?"

"దానిదేమున్నదిరా, ఇయ్యాల గాకుంటే రేపు నేర్సుకుంటది," అంది జిలేబీ విరుస్తూ. "నువ్వే, మూడేండ్ల సంది ఒక్క స్టార్టరు బాగుజేస్తలేవు."