స్టాపు పిలిస్తే లేచినవాళ్లు

ఒమాన్‌లో నిజ్వా పట్నం దాటి ఇంకో గంట లోపలికి పోతే మేముండే ఊరు. అక్కడి ఇండియన్ స్కూలు బస్సులో నేను ఆయాని. నా చదువు ఐదో తరగతితో ఆగింది. అయినా ఏ స్టాపులో ఎవరి పిల్లలు ఎక్కుతారో, ఎవరిది ఏ క్లాసో, ఎవరు వెనక సీట్లో కూర్చుంటే వాంతి చేసుకుంటారో కాగితం చూడకుండా చెప్తాను. స్టాపు దగ్గర పడగానే దాని పేరు పిలుస్తాను. ఆ పిల్లలు లేచి నిలబడతారు.

ఆ ఏడు ప్రిన్సిపాల్ సారు రిటైరై వెళ్లిపోయారు. కడప నుంచి వచ్చిన లెక్కల మేడమ్ ఎనిమిది నెలలు ఆ పని చూసింది. ఆ కుర్చీలో మాత్రం కూర్చోలేదు. "ఇంకా నాది కాదు కదక్కా" అని పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేది. మిట్టమధ్యాహ్నం మా బస్సు ఎడారి రోడ్డు మీద ఆగిపోతే, తన కారు నిండా నీళ్ల సీసాలు వేసుకొచ్చింది ఆమే.

పేరెంట్లు ఎన్నుకున్న కమిటీయే ప్రిన్సిపాలును ఎంచుతుంది. ఒక సాయంత్రం వాళ్ల గదిలోకి టీ తీసుకుపోయాను. బల్ల మీద రెండు ఫొటోలు. ఒకటి నల్లగా ఉండే మా మేడమ్‌ది, ఇంకొకటి ఢిల్లీ నుంచి అర్జీ పెట్టిన తెల్లటి సారుది.

ప్రెసిడెంటు మన తెలుగాయనే. "పని చేస్తుందండీ, కాదనను. కానీ గేటు దగ్గర నిలబెడితే ఆయా అనుకుంటారు. స్కూలుకొక మొహం ఉండాలి కదా" అన్నాడు. పక్కాయన నవ్వి, నా చేతిలో కప్పు అందుకుని, "చక్కెర తక్కువైంది" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. ఆ తిట్టు ఆమెకో నాకో అర్థం కాలేదు.

మర్నాడు మా డ్రైవరుకు చెప్పాను. ఆయన ఒమానీ పెద్దాయన. వాళ్ల తాతలు ఆఫ్రికా దగ్గరి జంజిబార్ నుంచి వచ్చారట, మేడమ్ కన్నా నలుపు. విని, స్టీరింగు మీది తన చేతిని కాసేపు చూసుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా మీ పిల్లల్ని మోసింది ఈ చెయ్యే, సిస్టర్" అన్నాడు తనకొచ్చిన హిందీలో.

రెండో స్టాపు దర్జీ ఒకాయన ఇంగ్లీషులో అర్జీ రాశాడు. మేడమ్‌నే ఉంచండి, లేదా మమ్మల్ని అడిగి తేల్చండి అని. ఆ కాగితం నా బస్సులోనే తిరిగింది. సంతకాలు అయ్యేదాకా డ్రైవరు ప్రతి స్టాపులో ఆగాడు.

మా పిల్లాడూ ఆ బడిలోనే, అయినా మా ఇంట్లో మాత్రం సంతకం కాలేదు. "నీకెందుకే ఈ లొల్లి? చాయ్ ఇచ్చినవా, వచ్చినవా, గంతే ఉండాలె. నౌకరి పోతది" అన్నాడు మా ఆయన.

శుక్రవారం పేరెంట్ల మీటింగు. హాలు తలుపు దగ్గర మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వేం మాట్లాడొద్దక్కా. నాకోసరం నీ పని పోతే నాకు నిద్ర పట్టదు." సరే అన్నాను. మాట్లాడకూడదనే అనుకున్నాను కూడా.

ముందు వరుసల్లో ఆఫీసర్లు. వెనక మా బస్సు పిల్లల అమ్మానాన్నలు, డ్యూటీ బట్టల్లోనే వచ్చి కూర్చున్నారు. ప్రెసిడెంటు అర్జీ పైకెత్తాడు.

"అడ్మిషన్ నంబర్లేవీ? నీళ్ల ట్యాంకు, ఖుబూస్ రొట్టెల దుకాణం... ఇవేం అడ్రసులండీ? రెండు వేలిముద్రలు కూడానూ. వీళ్లు మన పేరెంట్లని ఎవరికి తెలుసు? ఇది లెక్కలోకి రాదు. ఢిల్లీ సారుకు అందరూ ఒప్పుకున్నట్టేనా?"

వెనక ఎవరూ కదల్లేదు. ఇంకో నిమిషం గడిస్తే అయిపోతుంది. చేతిలోని టీ ట్రే బల్ల మీద పెట్టాను.

"నాకు తెలుసు సార్."

"నువ్వు టీ చూడమ్మా."

"ఖుబూస్ దుకాణం!" అని పిలిచాను, బస్సులో పిలిచినట్టే. గొంతు కీచుగా వచ్చింది. "ఇద్దరు పిల్లలు. పెద్దది ఏడు బి, చిన్నోడు మూడు ఎ. వాడికి పల్లీలు పడవు."

వెనక వరుసలో వాళ్ల నాన్న లేచాడు.

"టైలర్ల బిల్డింగు!" దర్జీ, ఆయన భార్య లేచారు. "నీళ్ల ట్యాంకు!" ముగ్గురు. "ఇదేంటి, హాజరా?" అని ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఐదో స్టాపుకు వచ్చేసరికి ఆ నవ్వు వినిపించలేదు.

పది స్టాపులయ్యాయి. పదకొండోది మాది. అర్జీ మీద మా సంతకం లేదు, పిలవకుండా ఆగిపోయాను.

"ఆపినవేందే? పిలువు!" అంది తలుపు దగ్గర నుంచి ఒక గొంతు. మా ఆయన. అప్పటికే నిలబడి ఉన్నాడు.

ప్రెసిడెంటు చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంటర్వ్యూ మళ్లీ పెడతామని, ఇద్దరు బస్సు పేరెంట్లను కూర్చోబెడతామని చెప్పాల్సి వచ్చింది. మూడు వారాలకు మేడమ్ ఆ కుర్చీలో కూర్చుంది. నన్ను బస్సులోంచి తీసి గేటు డ్యూటీకి వేస్తూ కమిటీ కాగితం కూడా ఆ వారమే వచ్చింది. "ఇదొక్కటి ఆపలేకపోయినాను అక్కా" అని నేల చూసింది మేడమ్.

బడి తెరిచిన మొదటిరోజు ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం. కూతురితో కారు దిగిన కొత్త తండ్రి ఒకాయన మా ఇద్దరినీ చూశాడు. నేను కాస్త తెల్లగా ఉంటాను, ఆ రోజు కొత్త చీర కూడా కట్టుకున్నాను. ఆయన నాకే దండం పెట్టాడు. "గుడ్ మార్నింగ్, ప్రిన్సిపాల్ మేడమ్."

ఒక అడుగు పక్కకు జరిగాను. "నేను ఆయాని సార్. ప్రిన్సిపాలు ఈమె."

ఆయన తడబడుతుండగానే మేడమ్ వంగి పిల్ల చెయ్యి పట్టుకుంది. "రేపటి నుంచి బస్సులో వస్తావా? ఏ స్టాపు నీది?"

"నీళ్ల ట్యాంకు."

"మూడోది" అన్నాను నేను.