వహ్బా అగ్నిబిలంలోకి మేమిద్దరమే

జెద్దాకు వచ్చిన పదకొండేళ్లలో నేను ఎక్కిన ఎత్తులన్నీ ఏసీలు బిగించడానికి ఎక్కిన మేడలే. అందుకేనేమో, ఫోన్‌లో వహ్బా అగ్నిబిలం వీడియో చూసినప్పుడు మనసు అక్కడే ఉండిపోయింది. నల్లటి రాళ్ల మైదానం మధ్య రెండు కిలోమీటర్ల వెడల్పున పెద్ద గుంట. దాని అడుగున తెల్లగా పేరుకున్న ఉప్పు.

మా కంపెనీ ఆఫీసులో ఒకతన్ని అడిగితే, "వితౌట్ గైడ్ చాలా రిస్క్. టూర్ బుక్ చేసుకోండి. మీవల్ల కాదు" అన్నాడు. ఆ చివరి మాట గుచ్చుకుంది.

రూములో నా పక్క మంచం కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అన్నది. ముప్పై ఏళ్లుగా రాతిపని. అతనికి వీడియో చూపించాను.

"తొవ్వ నువ్వు చూస్కో తమ్మీ. రాయి సంగతి నేను చూస్కుంట" అన్నాడు.

రెండు వారాలు మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. సిగ్నల్ ఉండదని విని దారంతా కాగితం మీద గీసుకున్నాను. చలికాలంలో ఒక శుక్రవారం, తెలతెలవారుతుండగా అద్దెకారులో బయలుదేరాం. మక్కాకు ముందే, ముస్లిమేతరులు ఆ ఊరు తప్పించి వెళ్లే దారిలోకి మళ్లి, హదా కొండ మలుపులు ఎక్కి, తాయిఫ్ దాటాం. ఆ తర్వాత మనిషి జాడ లేని రోడ్డు.

గుంట అంచున నిలబడి అన్న కిందికి తొంగి చూశాడు.

"గింత పెద్దగుందేంది!" అన్నాడు.

నేను గీసుకున్న గుర్తు ప్రకారం దిగడం మొదలుపెడితే వంద అడుగులకే దారి తెగిపోయింది. కింద నిట్టనిలువు రాయి. నేను పక్కనున్న బండ మీద కాలు వేయబోతే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ బండను అరచేత్తో తట్టి చూశాడు.

"గిది ఆగది. ఎనక్కి రా."

పైకి వచ్చి అంచు వెంట నడిచాం. ఎవరో దారికి గుర్తుగా పేర్చిన చిన్న రాళ్ల కుప్పలు కనిపించాయి. ఒక్కో కుప్పా వెతుక్కుంటూ గంటకు పైగా దిగాం.

అడుగున ఉప్పు కాళ్ల కింద పటపటలాడింది. అన్న చిన్నపిల్లాడిలా ముందుకు నడిచాడు. ఉన్నట్టుండి పైపొర పగిలి ఒక కాలు చీలమండ దాకా బురదలో దిగబడింది.

"కదలకు అన్నా! మెల్లగ కాలు గుంజి, వచ్చిన అడుగులల్లనే ఎనక్కి రా" అని అరిచాను. వచ్చాడు.

ఎక్కేటప్పుడు సగం దారిలో అన్న కూలబడ్డాడు.

"నాతోని కాదు తమ్మీ. నువ్వు పొయ్యి ఎవల్నన్న తీస్కరా."

"ఎవ్వలు వద్దు. ఇరవై అడుగులేద్దాం, కూసుందాం. మల్ల ఇరవై."

అలాగే ఎక్కాం. ఆఖరి ఇరవైలో అతనే నాకంటే ముందున్నాడు.

పైన ఒక పాకిస్తానీ గైడు పదిమందిని దింపడానికి సిద్ధమవుతున్నాడు. మా బట్టల మీది దుమ్ము చూసి, మమ్మల్ని ఎవరు తీసుకొచ్చారని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అన్న నా భుజం మీద చెయ్యేసి, "ఎవ్వలు లేరు. మా తమ్ముడే" అని తెలుగులోనే చెప్పేశాడు. నేను హిందీలో చెప్పాక ఆ గైడు మమ్మల్ని తేరిపార చూసి, "అడుగున తడి ఉందా?" అని అడిగాడు. బురద ఎక్కడుందో అంచు మీంచి వేలితో చూపించాను. అతను తన మనుషులవైపు తిరిగి, అటు వెళ్లొద్దని హెచ్చరించాడు. ఇన్నేళ్లలో ఈ దేశంలో ఒకరికి దారి చెప్పింది అదే మొదటిసారి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తాయిఫ్‌లో చాయ్ తాగుతూ అన్న ఇంటికి ఫోన్ చేశాడు.

"భూమి పగిలిన కాడికి పొయ్యొచ్చిన" అంటున్నాడు భార్యతో. "అవ్, నడ్సుకుంటనే. కాళ్లా? మస్తు నొస్తున్నయ్. నొయ్యనీ."