నేను మోగించిన నీళ్ల గంట

మంచిపని చేసి కూడా మనిషి తలెత్తుకోలేని స్థితికి ఎలా చేరుకోవచ్చో తెలుసుకోవాలంటే నన్నే అడగాలి. నేను తలపెట్టిన ఉద్యమం ఒకే ఒక్క మధ్యాహ్నంలో నీళ్లపాలైంది. మాటవరసకు అనడం లేదు, అచ్చంగా అలాగే జరిగింది. నవ్వుకోవడానికి బోలెడుంది. కానీ ఇది మొదలైంది మాత్రం మా అన్నయ్య మంచం దగ్గర. కాస్త ఓపిక పట్టండి.

అన్నయ్య కువైట్‌లో పనిచేశాడు. ఆ ఎండల్లో నీళ్లకు బదులు కూల్‌డ్రింకులు తాగుతూ ఏళ్లు గడిపేశాడు. షుగరు వచ్చింది, చూసుకోలేదు. కిడ్నీలు పోయాక ఇంటికొచ్చాడు.

"అవి తాగడం వల్లేనా డాక్టరు గారూ?" అని అడిగాను.

"అదొక్కటే అని చెప్పలేమమ్మా. అదీ ఉంది" అన్నారాయన.

డయాలసిస్ మొదలయ్యాక నీళ్లు కూడా కొలిచి ఇవ్వమన్నారు. వీధి వెంట కాలువ, పెరట్లో బోరు. మా అన్నయ్యకు మాత్రం చిన్న స్టీలు గ్లాసు. మిగతా దాహానికి అమ్మ తడిగుడ్డతో పెదాలు అద్దేది. "తాగనిచ్చినన్నాళ్లూ తాగలేదే" అన్నాడొకసారి, గోడవైపు తిరిగి.

అలాంటి రోజుల్లో ముక్తేశ్వరం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఇంటర్వెల్ అయ్యాక పిల్లల్ని నోరు తెరవమంటే ఒక్కో నాలుక ఒక్కో రంగు. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ. గేటు ముందు బడ్డీలో సీసాలు వేలాడుతుంటే నాకు వాటి వెనక మా అన్నయ్య మంచమే కనిపించేది. పూనకం వచ్చినదానిలా హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్లాను.

"పీరియడు పీరియడుకీ నీళ్ల గంట కొట్టిద్దామండీ. అందరూ గ్లాసెడు నీళ్లు తాగాలి."

"ఆయ్. తాగాలండీ."

"కూల్‌డ్రింకులు గేటు దాటి లోపలికి రాకూడదండీ."

"ఆయ్. రాకూడదండీ."

ఆయన దేన్నీ కాదనరు. దేన్నీ చెయ్యరు కూడా.

గంట నేనే కొట్టాను. మగపిల్లలు గటగటా తాగేశారు. ఆడపిల్లలు మాత్రం సీసా పెదాలకు ఆనించి మూత పెట్టేసేవారు. తొమ్మిదో తరగతి శిరీష అయితే మరీను.

"నీ సీసా నిండుగానే ఉందేం?"

"తాగేనండీ."

"ఎప్పుడు?"

"పొద్దున్నండీ. ఇంటికాడ."

"అదే కూల్‌డ్రింకయితే క్షణంలో లాగించేస్తావు కదా!"

తల వంచుకుంది. పొగరనుకున్నాను. కిడ్నీ బొమ్మ వేసి చూపించాను. అన్నయ్య సంగతి చెప్పాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు, నీళ్లు మాత్రం తాగలేదు. ఈపాటికి కారణం మీకు తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు. నేను బీఎడ్ చదివాను.

చివరికి నీళ్ల పండగ పేరుతో సభ పెట్టించి, ఒక పెద్ద అధికారిని ముఖ్య అతిథిగా పిలిచాం. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. ఆయన ఎంతకీ రాలేదు. ఖాళీగా ఉండలేక నేను వేదికెక్కాను.

"నాతో పాటు తాగండి! సీసా బోర్లించి చూపించాలి!"

నేనూ తాగాను. ఒక్కో తరగతికీ ఆదర్శంగా ఉండాలని మళ్లీ మళ్లీ తాగాను. కిందికి దిగి శిరీష పక్కనే నిలబడ్డాను. "మీరన్నారని తాగుతున్నానండీ" అని కళ్లు మూసుకుని, కషాయం మింగినట్టు సీసా ఖాళీ చేసింది. గెలిచాననుకున్నాను.

అతిథి గారు వచ్చారు, మైకు అందుకున్నారు. గలగల పారే గోదావరి గురించి, వరదలో పొంగే కాలువల గురించి, గట్టు తెగిన చెరువు గురించి చెబుతూనే ఉన్నారు. పైన రేకుల మీద వాన. చూరు నుంచి ధార. ఆడపిల్లలు ఒక్కొక్కరే చిటికెనవేలు చూపించడం మొదలుపెట్టారు. "కూర్చోండి, మర్యాద కాదు" అని కళ్లతోనే గద్దించాను. కాసేపటికి నా మర్యాదకూ ముప్పు వచ్చింది.

హెడ్మాస్టరు గారి చెవి దగ్గరికి వంగాను. "స్టాఫ్ బాత్రూం తాళంచెవి ఇలా ఇవ్వండి."

"అతిథి గారి కోసం కడిగించి తాళం వేసేనండీ."

"అర్జంటండీ!"

జేబులన్నీ తడుముకున్నారు. "ఇంటికాడ మర్చిపోయేనండీ. ఆయ్."

వానలో బడి వెనక్కి పరుగెత్తాను. ఉద్యోగంలో చేరాక ఆడపిల్లల బాత్రూంవైపు వెళ్లడం అదే మొదలు. సభలోంచి ఎప్పుడు జారుకున్నారో, పిల్లలు అప్పటికే గోడ వెంట బారులు తీరి తడుస్తున్నారు. ఉన్నది ఒకటే తలుపు. కింద చివికిపోయింది. గడియ ఊడిపోయిన చోట రెండు బెజ్జాలు.

"మీరు ముందెళ్లండి మేడమ్. మేం ఆగగలమండీ. మాకలవాటేనండీ" అంది శిరీష.

సిగ్గు విడిచి వెళ్లాను. లోపల చీకటి. బల్బు లేదు, కుళాయిలో చుక్క లేదు.

"శిరీషా, ఉన్నావా?"

"ఉన్నానండీ. తలుపు గట్టిగా పట్టుకున్నానండీ."

"రోజూ ఇంతేనా?"

"ఆయ్. పట్టుకునే తోడు లేకపోతే ఇంటికెళ్లేదాకా ఆగిపోతామండీ. అందుకే నీళ్లు తాగమండీ. మరీ దాహమైతే కూల్‌డ్రింకు రెండు గుక్కలండీ. నోరు తియ్యగా ఉంటాది, అంతటితో సరిపెట్టుకుంటామండీ."

ఏడుపొచ్చింది. ఏడవడానికి అది చోటు కాదు, ఒప్పుకుంటాను.

అంతలో మైకు అరిచింది. "ఈ కార్యక్రమానికి ఆద్యురాలైన సైన్సు మేడమ్ గారికి ఇప్పుడు సన్మానం! మేడమ్ గారు ఎక్కడున్నా వేదిక మీదికి రావాలి!"

"మేడమ్, పిలుస్తున్నారండీ. వస్తున్నారని కేకెయ్యమంటారా?"

"వద్దు తల్లీ! నోరెత్తకు!"

కానీ గొడుగు కింద శాలువాతో అతిథి గారు, ఆయన వెనక హెడ్మాస్టరు గారు నన్ను వెతుక్కుంటూ అటే వచ్చారు. గోడ వెంట వరస చూసి అతిథి గారు పొంగిపోయారు.

"నాకు వీడ్కోలు చెప్పడానికి పిల్లల్ని ఇలా వానలో నిలబెట్టేరేంటండీ! ఇంత అభిమానమా!"

"ఆయ్" అన్నారు హెడ్మాస్టరు గారు.

"మీకు కాదండీ, బాత్రూంకండీ" అంది శిరీష. "లోపల మేడమ్ గారున్నారండీ. గడియ లేదని నేను పట్టుకున్నానండీ."

నేను బయటికొచ్చాను. మరో దారి లేదు. ఏం చెయ్యాలో తోచక ఆయన అక్కడే శాలువా కప్పేశారు. ఎవరో ఫొటో తీశారు. నా తల వెనక "బాలికలు" అన్న బోర్డు స్పష్టంగా పడింది.

"శాలువా వద్దండీ. ఒక్కసారి లోపల చూడండి" అన్నాను.

చూశారు. ఆ వారంలోనే గడియ, బల్బు, కుళాయిలో నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత నేను గంట కొట్టకముందే ఆడపిల్లల సీసాలు ఖాళీ అయ్యేవి.

ఆ ఫొటో అన్నయ్యకు చూపించాను. దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు. "ఇంతకీ పిల్లలు తాగుతున్నారు కదే?" అని అడిగాడు. తాగుతున్నారన్నాను. ఆ వేసవి రాకుండానే పోయాడు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తలుపు గడియ నా చేత్తో వేసి, తీసి చూడనిదే ఏ ఆడపిల్లనీ నీళ్లు తాగమని అనను. ఇక ముఖ్య అతిథి మాట్లాడే సభయితే, నేను గొంతు కూడా తడుపుకోను.