సముద్రం అంటే తాడు వదలాలి

గత నెల మా వీధి చివరింటి మామ కన్నుమూశాడు. మా యాడికి ఊరి చుట్టుపక్కల ఎవరింటి మీదికి ఏ కొమ్మ వాలినా, మోకు భుజాన వేసుకుని వెళ్లి దించి వచ్చిన మనిషి. అందుకే కబురు విన్న ప్రతివాడూ మొదట అడిగింది ఒకటే.

"యా చెట్టు మీది నుంచి పడినాడప్పా?"

అంత దుఃఖంలోనూ అత్తకు కోపం వచ్చింది. "యా చెట్టూ ల్యాదు. మంచంలో పండుకోని నిద్దర్లో పోయినాడు. మీ మామను కింద పడేసే చెట్టు ఇంకా మొలవల్యాదు" అంది. ఏడుస్తున్నవాళ్లం నవ్వేశాం. మామ ఉంటే ఆయనా నవ్వేవాడు.

నాకు ఆయన చుట్టమేమీ కాదు. ఊరంతా మామ అంటే నేనూ అన్నాను. ఆయన ఆస్తి ఒక రంపం, రెండు కొడవళ్లు, ఒక గొడ్డలి, మూడు తాళ్లు. సన్నతాడుకు రాయి కట్టి విసిరితే అనుకున్న కొమ్మ మీదనే పడేది. రెండోది నడుముకు కట్టుకునేది. మూడోది కొమ్మల బరువు మోసే మోకు. పనికి పోయే ముందు కళ్లు మూసుకుని మోకును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ల మధ్య జరుపుకుంటూ పోయేవాడు. "కండ్లతో చూస్తే అన్ని తాళ్లూ బాగనే ఉంటాయి పాపా. చేత్తో చూడాల" అనేవాడు. ఒకసారి అత్త ఆ మోకు మీద తడిబట్టలు ఆరేసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదట. "ఆ రెండు దినాలూ పానం హాయిగా ఉన్నింది" అని అత్త ఇప్పటికీ చెబుతుంది.

ఆయన ముందు 'కొమ్మ కొట్టాలి' అనకూడదు. "కొట్టేదానికి అదేం తప్పు జేసె? దించాల" అని సరిదిద్దేవాడు. ఆ తేడా ఏమిటో నాకు పోయిన చలికాలం దాకా తెలియదు.

నేను రోడ్డు పక్కన చింతచెట్టు కింద బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్ముతాను. రేకుల పాక, మట్టిపొయ్యి, నాలుగు బల్లలు. మా ఎండల్లో జనం బండి ఆపేది నా బజ్జీల కోసమని నేను చెప్పుకుంటాను గానీ, నిజానికి ఆ నీడ కోసం. ఆ చెట్టు ఒక పక్క ఎండిపోయి, పెద్దకొమ్మ సరిగ్గా పాక మీదికి వాలింది. చెట్టంతా తీసేయమని వీధివాళ్లు పట్టుబట్టారు. చెట్టు పోతే నా బతుకుతెరువు పోయినట్లే. ఉంచితే ఏ గాలికి ఎవరి నెత్తిన పడుతుందో.

మామ చెట్టు చుట్టూ తిరిగి, కొడవలి వెనకవైపుతో తట్టి విన్నాడు. "సగం సచ్చింది, సగం బతికుండాది. బతికిండేదాన్ని యాల సంపాల?" అన్నాడు.

కింద మోకు పట్టేది ఎప్పుడూ అత్తే. అప్పుడు ఆమె కూతురి కాన్పుకని తాడిపత్రి వెళ్లింది. మోకు నా చేతికొచ్చింది. దాన్ని చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి, రెండే మాటలు నేర్పాడు. 'పట్టు' అంటే బిగించాలి, 'ఇడుసు' అంటే వదలాలి.

మొదటిరోజు చిన్నకొమ్మ ఒకటి గాలిలో వేలాడుతుండగా, బల్ల మీద కూర్చున్న ఒకాయన తన తమ్ముడితో పడిన గొడవంతా ఏకరువు పెట్టాడు. పైనుంచి మామ ఊరుకోలేకపోయాడు. "ఇడుసప్పా, అన్నదమ్ములన్నాక ఉంటాయి" అన్నాడు.

నేను వదిలేశాను. కొమ్మ పోయి పాక వెనకున్న నా స్నానాలగది రేకును రెండుముక్కలు చేసింది.

పైన ఆయన కొమ్మ పట్టుకుని నవ్వుతున్నాడు. "నీ తప్పు కాదు పాపా. మనూర్లో ఇడుసప్పా అనకుండా ఎవునికి పొద్దు పోతాది? మాట మారుద్దాం. చీనీకాయ అంటే వదులు" అన్నాడు.

అరగంట కాలేదు, చీనీ, అదే బత్తాయి, తోటలున్న రైతులు వచ్చి కూర్చున్నారు. మామ పైనుంచే పలకరించాడు. "ఏమప్పా, చీనీకాయ టన్ను ఎంత పోతాండాది?"

ఈసారి మోకు వదల్లేదు. "మామా, వదలాల్నా, ధర చెప్పాల్నా?" అని అరిచాను. బల్లల దగ్గర అందరూ పొట్టలు పట్టుకున్నారు.

మామ గడ్డం గోక్కుని చాలాసేపు ఆలోచించాడు. "సముద్రం" అన్నాడు చివరికి. "మనకు సముద్రంతో పనేముండాది? ఈడ ఎవురి నోటా రాదు." ఆయన జన్మలో సముద్రం చూడలేదు. సాయంత్రం దాకా నేను చెవులు రిక్కించుకుని విన్నాను. నిజంగానే ఎవరూ ఆ మాట అనలేదు.

మర్నాడు పెద్దకొమ్మ. రంపం చప్పుడు ఆగింది. "పట్టు" అన్నాడు. బరువంతా ఒక్కసారిగా మోకులోకి వచ్చింది. నా కాళ్లు మట్టిలో జారాయి. కొమ్మ కింద నా పాక, నా పొయ్యి.

"సముద్రం పాపా. మెల్లగా... ఇంగ కొంచెం సముద్రం. పట్టు. ఆ, ఇంగ సముద్రం."

జానెడు జానెడుగా వదిలాను. రోడ్డు మీద ఆగిన బస్సులోంచి జనం తలలు బయటపెట్టి, చింతచెట్టెక్కి సముద్రం సముద్రం అంటున్న మనిషిని వింతగా చూశారు. కొమ్మ పాకను తప్పించుకుని పక్కన నేల మీద ఆనింది. దించడం అంటే అదీ. నేను మోకు వదలకుండానే ఏడ్చాను. ఎంత సంతోషమో చెప్పలేను.

అన్నీ సరిచేసి దిగేముందు ఒక పచ్చికొమ్మను మాత్రం, వచ్చేపోయేవాళ్ల తలకు తగిలేంత కిందికి ఉంచేశాడు. అదీ దించమని పోట్లాడాను. "వంగి వస్తార్లే" అని మోకు చుట్టుకున్నాడు. ఎందుకో చెప్పలేదు. నేను విసుక్కుంటూ పొయ్యి రాజేసుకున్నాను.

మొన్న పొద్దున, మామ పోయాక మొదటిసారి అత్త ఇల్లు దాటి వచ్చింది. ఉగ్గాని పెడతానంటే వద్దంది. "మీ మామకు చింతచిగురు పప్పంటే పానం. నాకేమో చెట్టెక్కను రాదని ఎప్పుడూ ఎగతాళి జేస్తాండె" అంటూ ఆ కొమ్మ కిందికి నడిచింది.

అత్త పొట్టి మనిషి. కొమ్మ నిండా లేతచిగురు. మడమలు ఎత్తకుండానే ఆమె చెయ్యి అందింది. ఒకచేత్తో కొంగు పట్టుకుని, ఇంకోచేత్తో చిగురు దూసి అందులో వేసుకుంటూ, ఎండ ఎక్కేదాకా అక్కడే నిలబడింది.