చవితినాడు మా పాము తాగిన పాలు

మా ఇంట్లో పాము ఉందంటే మారేడ్‌పల్లిలో ఎవరూ ఒకపట్టాన నమ్మరు. నమ్మినవాళ్ళు మా మెట్లెక్కరు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి బదిలీ మీద వెళ్తూ, తన బాల్ పైథాన్‌ను ఎవరికివ్వాలో తెలియక ఏడుస్తుంటే, నేను తీసుకుంటానని నోరు జారాను. మన నాగుపామునో జెర్రిపోతునో పెంచితే జైలుకు పోతాం గానీ ఇది విదేశీ జాతి, విషం లేనిది, కాగితాలున్నది. పొడవు రెండు మూరలు. భయం వేస్తే ఉండలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. నాలాంటిదే అనుకున్నాను.

మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. కొడుకు ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళయినా ఆవిడ మాట మారలేదు. అద్దాల పెట్టె హాల్లో దిగగానే, "ఏటే పిల్లా, బుద్ధున్నోళ్ళు ఇంట్లో పాముని ఎట్టుకుంటారేటి?" అని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్ళైన తొమ్మిదేళ్ళలో నా వంటను గానీ నా మాటను గానీ బాగుందన్న పాపాన పోలేదు ఆవిడ. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకల డబ్బా కనబడిన రోజైతే ఇల్లు పీకి పందిరేశారు. మా ఆయన ఒక పాత చిన్న ఫ్రిజ్ తెచ్చి వెనక బాల్కనీలో పెట్టాక గానీ నాకు కాఫీ ముట్టలేదు.

ఎలుకను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, గడ్డ కరిగాక పట్టకారుతో పట్టుకుని పాము ముందు ఆడించాలి. మొదటిసారి పట్టు జారి ఎలుక పాము వీపు మీద పడింది. మూడోసారి పాము చటుక్కున అందుకుని చుట్టేసింది. ఆ రోజు నేను ఊరంతా ఫోన్లు చేసుకున్నాను. పది రోజులకోసారి ఎలుక పెట్టడమే పెంపకమనుకున్నాను. ఆ అమ్మాయి రాసిచ్చిన కాగితంలో మొదటి మాట మాత్రం నీళ్ళ గిన్నె గురించే. నీళ్ళు పోయడంలో భయమూ లేదు, గొప్పా లేదు. అందుకే మర్చిపోయాను.

ఆ దీపావళికి ఇల్లు దులుపుతూ పెట్టెను వెనక గదిలోకి మార్చాం. నాలుగు రోజులకు నాగులచవితి. మోకాళ్ళ నొప్పితో పుట్ట దగ్గర క్యూలో నిలబడలేనని, "ఇంట్లోనే ఉన్నాడు కదా తండ్రి" అంటూ అత్తగారు చిమ్మిలితో, పాలగ్లాసుతో ఆ గదిలోకి వచ్చారు. పాములు పాలు తాగవత్తయ్యా అన్నాను. ఆవిడ గ్లాసు నా చేతికిచ్చారు. మూత తీసి చూస్తే గిన్నెలో చుక్క నీరు లేదు, అడుగున తెల్లగా చార కట్టి ఉంది. ఎన్నాళ్ళుగా అలా ఉందో నాకే తెలియదు. గబగబా పాలు పోసేశాను.

పాము వచ్చి గిన్నెలో మూతి పెట్టి, గొంతు కదుపుతూ ఆగకుండా తాగింది.

"తాగతన్నాడే! నాగన్న తాగతన్నాడే!" అత్తగారికి కళ్ళ నీళ్ళాగలేదు. నా తల మీద చెయ్యి వేసి, "నీ చేతి చలవమ్మా" అన్నారు. గొంతెండిన ప్రాణం ఏది పోస్తే అది తాగుతుందని నాకప్పుడే అర్థమైంది. చెప్పలేదు. తొమ్మిదేళ్ళకు నా తల మీద పడిన చెయ్యి అది.

కబురు ఊళ్ళు దాటింది. పై వాటా ఆవిడ, "గిట్ల తాగుడు నేనేడ సూడలే వదినా, మస్తు పుణ్యం చేస్కున్నవ్" అంది. అత్తగారు చుట్టాలందరికీ వీడియో కాల్‌లో పాముతోపాటు నన్నూ చూపించారు. నేను బుద్ధిగా ఏడాది పొడవునా గిన్నె నింపాను. మరుసటి చవితికి యాప్రాల్ నుంచి మా ఆడపడుచు పిల్లలతో సహా వస్తానంది, చూడ్డానికి. గిన్నె నిండా నీళ్ళుంటే పాము పాల వంక కూడా చూడదు. అది నాకు తెలుసు.

మూడు రోజుల ముందు గిన్నె తీసి, కడిగి, వంటింటి అరలో బోర్లించాను. మొదటిసారిది మరుపు. ఇది కాదు. సిగ్గుతో చచ్చిపోవాలి, చావకుండా చవితినాడు పట్టుచీర కట్టుకున్నాను.

పాము తాగింది. అందరూ ఫోన్లలో తీసుకున్నారు.

ఆ వారమే అది కుబుసం విడవాల్సిన సమయం. పొర ముక్కలు ముక్కలుగా ఊడి, కళ్ళ మీద అలాగే ఉండిపోయింది. ఆటోలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్తుంటే అత్తగారు తానూ వస్తానన్నారు.

"నీళ్ళు తక్కువైతెనే పొర గిట్ల ఇరుక్కుంటది మేడమ్. గిన్నె రోజూ పెడ్తున్నరా?" అని డాక్టరు నన్నడిగారు.

నేను నోరు తెరిచేలోగా అత్తగారే, "మా కోడలు తన తిండి మర్చిపోద్ది గానీ దానికి నీళ్ళెట్టడం మర్చిపోదు బాబూ" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "చవితికి పాలు పోయించేను. దానివల్లేటి?" అని అడిగారు.

"పాలు అరగయమ్మా. అవ్విటితోని సుత తక్లీఫ్ అయ్యుంటది. ఇంక పొయ్యకుండ్రి."

డాక్టరు తడిపి తడిపి కుడికన్ను పొర తీయగలిగారు. ఎడమకన్ను దక్కలేదు. నేను అక్కడ నోరు విప్పలేదు. ఆటోలోనూ విప్పలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు చీర కూడా మార్చుకోకుండా పెట్టె ముందు నిలబడి, "తప్పైపోనాది తండ్రీ, నా పాలవల్లే నీ కన్ను పోనాది" అంటూ లెంపలు వేసుకున్నారు. ఊరికే తాకించుకోవడం కాదు, చప్పుడయ్యేలా వేసుకున్నారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ రోజు నుంచి పొద్దున్నే గిన్నె ఆవిడే నింపుతున్నారు, నన్ను ఆఫీసుకు వేళవుతోంది పొమ్మంటారు.

రెండేళ్ళయింది. నేను రాసింది ఎక్కడ అచ్చయినా అత్తగారు కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చివరిదాకా చదువుతారు. ఇదీ చదువుతారు. గిన్నె తీసేసింది నేను. ఆ లెంపలు నేను వేసుకోవలసినవి అత్తయ్యా.